చెయ్యి వదిలితే ఆగే బండి, చెయ్యి వదిలితే ఆగని బండి



పోయినసారి మన పెద్దల వలసల గురించి ఇంకో భాగం రాస్తామని మాట ఇచ్చినాము. అది తర్వాత వస్తుంది. ఈసారి వేరే సంగతి రాయవలసి వచ్చింది. ఎప్పటి మాదిరే ముందుగా ఒక మనవి. మేము చదివింది అరవ మీడియం. తెలుగు రాత యాభై దాటినాక నేర్చుకున్నది. తప్పులు కనబడితే దిద్దండి, కోపపడవద్దు.

ముక్కనుమ నాడు మన సంఘం తరఫున రెండు వ్యాన్లలో పోయినాము కదా. మనం ముక్కనుమ అనేదాన్నే ఇక్కడివాళ్ళు కాణుం పొంగల్ అంటారు. ఆ రోజు మెరీనాలో కాలు పెట్టే సందు ఉండదు, నీళ్ళల్లో దిగడానికి పోలీసులు విడవరు. అందుకని ఊరికి దూరంగా, ఉప్పుటేటిలో పడవలు తిప్పే ఒక చోటికి పోయినాము. ఆ చోటి పేరు ఇక్కడ రాయము. ఎవరినో వీధికి ఈడ్చడం మన ఉద్దేశం కాదు.

వచ్చినవాళ్ళకు ఆ రోజు ఏం జరిగిందో కొంచెం తెలుసు. రానివాళ్ళ కోసం చెబుతాము. మా మనవడు, పదహారేళ్ళవాడు, వాటర్ స్కూటర్ ఎక్కుతానన్నాడు. టికెట్టు కొన్నాము. లైఫ్ జాకెట్ వేసినారు. అక్కడి పిల్లవాడు ఒక్క నిమిషం పాఠం చెప్పినాడు: "ఇది నొక్కితే పోతుంది, వదిలితే ఆగుతుంది. అంతే సార్." మేమూ పక్కనే నిలబడి విన్నాము, తల ఊపినాము.

ఉప్పుటేటిలో ఆ పక్క ఇరుళ ఆడవాళ్ళు రొయ్యలు పడుతున్నారు. మీరు చూసే ఉంటారు. వలా ఉండదు, పడవా ఉండదు. మెడలోతు నీళ్ళల్లో కూర్చుని, బురదలో చేతులతో తడిమి రొయ్యను పట్టి, నోట కరుచుకున్న తాటాకు బుట్టలో వేస్తారు. దూరం నుంచి చూస్తే నీళ్ళమీద తల ఒకటే కనబడుతుంది. కొబ్బరికాయ తేలుతున్నట్టు ఉంటుంది.

మా వాడు అటు పోయినాడు. తల కనబడింది. భయపడినాడు. నేర్పినట్టే వేలు వదిలేసి హ్యాండిల్ పూర్తిగా పక్కకు తిప్పినాడు. బండి తిరగలేదు. నేరుగా ఆమె మీదికే పోయింది. ఆమె పక్కకు ఒరిగింది. చెయ్యి చాపితే తగిలే దూరంలో దాటిపోయింది. అల కొట్టి బుట్ట పోయింది, పొద్దుటినుంచి పట్టిన రొయ్యలు పోయినాయి. ప్రాణం మాత్రం మిగిలింది.

మేము పరుగెత్తుకుంటూ పోయేసరికి ఆమె ఒడ్డుకు వచ్చి నిలబడి ఉంది. అరవలేదు, తిట్టలేదు. మా వాణ్ణి చూసి అరవంలో అడిగింది: "నాయనా, నేను కనబడలేదా?" వాడు ఏడుస్తూ మాతో తెలుగులో చెప్పినాడు: "కనబడింది తాతా. తిప్పినాను తాతా. తిరగలేదు."

ఈ వ్యాసం ఆ మూడు మాటల కోసమే. పిల్లవాడు అబద్ధం చెప్పలేదు. వాడు చెప్పింది అక్షరాలా నిజమని, ఆ నిజం లోకానికి పాతికేళ్ళకు ముందే తెలుసని తర్వాత చదివి తెలుసుకున్నాము. తెలియనిది టికెట్టు అమ్మినవాళ్ళకూ, కొన్న మాకూ.

మేము రైల్వేలో ఇంజను నడిపినవాళ్ళం కాదు. గుమాస్తా ఉద్యోగం. నియమాల పుస్తకానికి వచ్చే కరెక్షన్ స్లిప్పులను కత్తిరించి, పేజీ చూసి అంటించడం మా పనుల్లో ఒకటి. కొత్తలో విసుగ్గా ఉండేది. ఒక పాత హెడ్ క్లర్కుగారు మాతో అన్నమాట ఇప్పటికీ గుర్తుంది: "విసుక్కోవద్దబ్బాయ్, ప్రతి స్లిప్పు వెనకాల ఎవరో ఒకరు పోయి ఉంటారు." నియమం ముందు పుట్టదు, ప్రమాదం ముందు పుడుతుంది. రైలుకైనా అంతే, నీళ్ళమీది బండికైనా అంతే.

రైలు చరిత్ర చూడండి. 1830 సెప్టెంబరు 15న ఇంగ్లండులో లివర్‌పూల్–మాంచెస్టర్ రైలు మార్గం ప్రారంభమయింది. ఆ పండుగ రోజే విలియం హస్కిసన్ అనే పార్లమెంటు సభ్యుడు, మాజీ మంత్రి, నీళ్ళకోసం నిలిపిన రైలు దిగి పక్క పట్టాలమీదికి వచ్చినాడు. ఎదురుగా రాకెట్ అనే ఇంజను వచ్చి గుద్దింది. ఆ రాత్రే ప్రాణం పోయింది. ఆ ఇంజనుకు సరయిన బ్రేకే లేదు. ఎలా పరుగెత్తించాలో కనిపెట్టినారు, ఎలా ఆపాలో తర్వాత చూసుకుందామనుకున్నారు.

ఆ 'తర్వాత' రావడానికి దాదాపు అరవై ఏళ్ళు పట్టింది. 1889 జూన్ 12న ఐర్లండులో ఆర్మా దగ్గర ఆదివారం బడి పిల్లలు విహారానికి పోతున్న రైలు మిట్ట ఎక్కలేకపోయింది. సగం పెట్టెలు విప్పి వదిలినారు. అవి వెనక్కి జారి, వెనక వస్తున్న రైలును గుద్దుకున్నాయి. సుమారు 80 మంది పోయినారు, చాలామంది పిల్లలు. ఆ సంవత్సరమే అక్కడ చట్టం వచ్చింది: ప్రయాణికుల రైలుకు అన్ని పెట్టెలకూ పనిచేసే బ్రేకు ఉండాలి, పెట్టెలు విడిపోతే ఆ బ్రేకు తనంతట తానే పడాలి.

ఇక్కడే అసలు సూత్రం ఉంది. వ్యాక్యూమ్ బ్రేకు పైపు తెగితే గాలి లోపలికి దూరి బ్రేకు పడుతుంది. పాత కైకాట్టి సిగ్నలుకు తీగ తెగితే, బరువు లాగి చెయ్యి అడ్డంగా, అంటే 'ఆగు' అనే స్థితికే వస్తుంది. మన బీచ్–తాంబరం దారిలో 1931 నుంచి కరెంటు రైళ్ళు తిరుగుతున్నాయి. ఇలాంటి లోకల్ రైళ్ళల్లో మోటార్‌మన్ చేతికింద ఒక పిడి ఉంటుంది. అది నొక్కిపట్టి ఉంటేనే బండి పోతుంది. గుండె ఆగి మనిషి ఒరిగిపోయినా, చెయ్యి వదిలినా, బ్రేకు పడుతుంది. ఏది తెగినా, ఎవరు భయపడినా, ఎవరు పడిపోయినా, బండి క్షేమం వైపుకే పోవాలి. రైల్వేలో పనిచేసినవాళ్ళ ఒంట్లో ఈ సూత్రం దిగిపోయి ఉంటుంది. అందుకే "వదిలితే ఆగుతుంది" అని ఆ పిల్లవాడు చెప్పగానే మేము నమ్మేసినాము.

ఇప్పుడు నీళ్ళమీది స్కూటర్ పుట్టుక చెబుతాము.

1950లలోనే ఇంగ్లండులో మోటారు సైకిళ్ళు చేసే విన్సెంట్ కంపెనీ 'అమాండా' అనే వాటర్ స్కూటర్ చేసింది. అది నిలబడలేదు. అదే కాలంలో న్యూజిలాండులో విలియం హామిల్టన్ అనే ఆయనకు ఒక చిక్కు వచ్చింది. అక్కడి ఏర్లు లోతు తక్కువ, రాళ్ళు ఎక్కువ. పడవ కింద ఫ్యాను రెక్క ఉంటే రాయికి తగిలి విరుగుతుంది. 1954 నుంచి ఆయన నీళ్ళను పడవ అడుగున పీల్చి వెనక్కి ధారగా చిమ్మే పద్ధతిని బాగు చేసుకుంటూ వచ్చినాడు. రెక్క బయటికి ఉండదు, లోతు లేకపోయినా పడవ పోతుంది. ఈనాటి వాటర్ స్కూటర్లన్నీ ఈ నీటి ధార పద్ధతితోనే నడుస్తాయి.

1960లలో అమెరికాలో క్లేటన్ జాకబ్సన్ అనే ఆయన వచ్చినాడు. మట్టిదారిలో మోటారు సైకిల్ పందేలకు పోయేవాడు. పడినప్పుడల్లా ఒళ్ళు చీరుకుపోయేది. నేలమీద పడేకంటే నీళ్ళమీద పడితే దెబ్బ తగలదు కదా అనుకున్నాడు. ఆ ఆలోచన నుంచే ఈ బండి పుట్టింది. బ్యాంకు ఉద్యోగం వదులుకుని దానిమీదే కూర్చున్నాడు. ఆయనతో ఒప్పందం చేసుకుని కెనడాకు చెందిన బొంబార్డియే కంపెనీ 1968లో 'సీ-డూ' పేరుతో ఒక బండి తెచ్చింది. అది సరిగా పోలేదు, ఆపేసినారు. తర్వాత జపానుకు చెందిన కవాసాకి 1973లో నిలబడి నడిపే 'జెట్ స్కీ' తెచ్చింది. ఫోటోకాపీకి జెరాక్స్ అన్నట్టు, ఎవరు చేసిన బండినైనా జనం జెట్ స్కీ అనడం మొదలుపెట్టినారు.

ఆ మొదటి బండిలో ఒక చక్కటి ఏర్పాటు ఉండేది. నడిపేవాడు నీళ్ళల్లో పడిపోతే బండి మెల్లగా గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, ఈది దాన్ని పట్టుకోవచ్చు. తెలివైన ఏర్పాటే. కానీ గమనించండి. బండి చేసినవాడు ఎక్కేవాణ్ణి గురించి బాగా ఆలోచించినాడు. పడినా దెబ్బ తగలకూడదు, బండి అందకుండా పోకూడదు. అదే నీళ్ళల్లో ముందునుంచే ఉన్న ఇంకో మనిషి గురించి ఆలోచించడానికి లోకానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

నిలబడి నడపడం కష్టం. నేర్చుకోవాలి, పదిసార్లు పడాలి. అందుకని మొదట్లో ఎక్కేవాళ్ళు తక్కువ. 1980ల చివర యమహా 'వేవ్ రన్నర్' తెచ్చింది, సీ-డూ కూడా మళ్ళీ వచ్చింది. ఇవి కూర్చుని నడిపేవి, ఇద్దరు ముగ్గురు ఎక్కేవి. ఇక నేర్చుకోవలసిన పని లేదన్నట్టు అయిపోయింది. మన స్కూటర్ మాదిరే కూర్చోవడం, హ్యాండిల్ పట్టడం. ఇంజన్ల బలం కూడా పెరుగుతూ వచ్చింది. ఈనాటి పెద్ద బండ్లు గంటకు 100 కిలోమీటర్లు దాటగలవు. అంగడిలో కొనేవాళ్ళ కంటే ఒడ్డున గంటకు, పావుగంటకు బాడుగకు తీసుకునేవాళ్ళు ఈ ఆటకు కొత్త జనం.

మన స్కూటర్ మాదిరే ఉంటుందన్నాము కదా. మోసం అక్కడే ఉంది. పెరట్లో చెట్లకు నీళ్ళు పట్టే రబ్బరు పైపు ఊహించుకోండి. కుళాయి పూర్తిగా తిప్పితే పైపు మూతి చేతిని వెనక్కి తోస్తుంది. వాటర్ స్కూటర్ పోయేది ఆ తోపుతోనే. ఇంజను నీళ్ళను అడుగునుంచి పీల్చి, వెనక ఉన్న మూతి గుండా బలంగా చిమ్ముతుంది. మనం హ్యాండిల్ తిప్పితే ఆ మూతి అటూ ఇటూ తిరుగుతుంది. ధార ఒక పక్కకు పోతే బండి వెనక భాగం ఇంకో పక్కకు జరుగుతుంది, అలా బండి తిరుగుతుంది. నాటుపడవకు ఉన్నట్టు చుక్కాని ఉండదు. నేలమీద చక్రాలకు ఉన్నట్టు పట్టు ఉండదు.

ఇప్పుడు కుళాయి కట్టేయండి. పైపు మూతిని ఎటు తిప్పినా ఏమవుతుంది? ఏమీ కాదు. వేలు వదిలితే ధార పోతుంది. ధారతో పాటు తిప్పే శక్తీ పోతుంది. కానీ వేగం మాత్రం వెంటనే పోదు. బండి ఎటు పోతున్నదో అటే, నీళ్ళే దాన్ని ఆపేంతవరకు, నేరుగా పోతుంది. తప్పించుకోవాలంటే యాక్సిలరేటర్ నొక్కి ఉంచి తిప్పాలి. భయపడిన మనిషి చేసేది దానికి సరిగ్గా తిరగమరుగు. రోడ్డుమీద ఎవరైనా అడ్డం వస్తే మనం యాక్సిలరేటర్ వదులుతాము. అది మన ఒంటికి అలవాటు. ఆ అలవాటే ఇక్కడ మనిషిని చంపుతుంది. మా మనవడు చేసింది అదే. "తిప్పినాను తాతా, తిరగలేదు."

రైలులో చెయ్యి వదిలితే బండి క్షేమం వైపు పోతుంది. ఇందులో చెయ్యి వదిలితే ఎదుటివాడి మీదికి పోతుంది. మేము చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే.

1990లలో అమెరికాలో ఈ బండ్ల ప్రమాదాలు విపరీతంగా పెరిగినాయి. రవాణా ప్రమాదాలను విచారించే అక్కడి జాతీయ బోర్డు 1998లో దీనిమీద ఒక పెద్ద నివేదిక ఇచ్చింది. రిజిస్టరయిన విహారపు పడవల్లో పదో వంతు కూడా లేని ఈ బండ్లు, ప్రమాదాల్లో చిక్కిన పడవల్లో మాత్రం మూడో వంతుకు పైగా ఉన్నాయని లెక్క తేలింది. ఇంకొక సంగతి మమ్మల్ని ఆలోచనలో పడేసింది. మిగతా పడవల ప్రమాదాల్లో ఎక్కువమంది మునిగి చనిపోతారు. ఈ ఒక్క బండి విషయంలోనే మునిగినవాళ్ళ కంటే గుద్దుకుని, దెబ్బ తగిలి పోయినవాళ్ళు ఎక్కువ. అంటే ఇది నీళ్ళ ప్రమాదం కాదు, రోడ్డు ప్రమాదం లాంటిది. రోడ్డు లేదు, గీత లేదు, సిగ్నలు లేదు, నడిచేవాళ్ళకు పక్కదారి లేదు, అంతే తేడా. లైఫ్ జాకెట్ మునగకుండా కాపాడుతుంది, గుద్దకుండా కాపాడదు. ఎదుటివాళ్ళను అసలే కాపాడదు.

నడిపేవాళ్ళల్లో అనుభవం లేనివాళ్ళు, బాడుగకు తీసుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారని కూడా ఆ నివేదిక చూపించింది. వేలు వదిలినా తిరిగేటట్టు, ఆగేటట్టు బండిని మార్చే దారులు చూడమని తయారీదారులకు చెప్పింది. నడిపేవాళ్ళకు చదువు చెప్పమని ప్రభుత్వాలకు చెప్పింది. 2009లో సీ-డూ మొదటిసారి చేతి బ్రేకు ఉన్న బండిని అమ్మకానికి తెచ్చింది. కవాసాకి మొదటి జెట్ స్కీ వచ్చినప్పటినుంచి లెక్కవేస్తే 36 ఏళ్ళు. రైలు కంటే కొంచెం నయం. అయితే కొత్త బండికి బ్రేకు వస్తే పాత బండ్లకు రాదు. బాడుగ రేవుల్లో తిరిగేవాటిలో పాతవి ఎన్నో.

కొన్ని చోట్ల బండి మారేంతవరకు జనం కాచుకోలేదు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో సాన్ వాన్ అనే ద్వీపాల కౌంటీ 1996లో తన నీళ్ళల్లో వీటిని నిషేధించింది. బండ్లవాళ్ళు కోర్టుకు పోయినారు. 1998లో ఆ రాష్ట్రపు సుప్రీం కోర్టు కౌంటీ పక్షానే తీర్పు ఇచ్చింది. 2000లో అమెరికా జాతీయ పార్కుల శాఖ కూడా తన పార్కుల్లో చాలావాటిలో వీటిని ఆపేసింది.

ఇంగ్లండు కథ వేరే. 2004లో వేమత్ దగ్గర ఒకాయన తన వాటర్ స్కూటర్‌తో ఇంకొక స్కూటర్‌ను గుద్ది, దానిమీద ఉన్న మనిషికి తీవ్రమయిన గాయాలు చేసినాడు. నౌకల చట్టం కింద శిక్ష పడింది. 2005లో అప్పీలు కోర్టు ఆ శిక్ష కొట్టేసింది. కారణం ఏమిటంటే, నౌక అనేది ఒక చోటినుంచి ఇంకో చోటికి ప్రయాణం చేసేది, ఇది ఊరికే నీళ్ళల్లో చుట్లు కొట్టేది, కాబట్టి ఆ చట్టంలో చెప్పిన నౌక కాదు అని. ఎదుటివాడి ఎముకలు విరగడానికి పనికొచ్చిన బండి, చట్టంలో పడడానికి మాత్రం పనికిరాలేదు! ఈ సందు పూడ్చడానికి పదిహేడేళ్ళు దాటింది. 2023 మార్చి 31 నుంచి అక్కడ వాటర్ స్కూటర్ కూడా పెద్ద పడవలకు ఉన్న చట్టం కిందికే వచ్చింది. నిర్లక్ష్యంగా నడిపితే రెండేళ్ళ దాకా జైలు. అక్కడా ఒక కరెక్షన్ స్లిప్ అంటించినారన్నమాట.

ఇదంతా తెల్లవాళ్ళ దేశాల గొడవ, మనకెందుకు అనవచ్చు. బొంబాయిలో ఉన్న మన తెలుగువాళ్ళను అడగండి. 2024 డిసెంబరు 18న గేట్‌వే నుంచి ఎలిఫెంటా గుహలకు 'నీల్‌కమల్' అనే ఫెర్రీ నూటికి పైగా మనుషులతో పోతూ ఉంది. ఇంజను పరీక్షలో ఉన్న నౌకాదళపు స్పీడ్ బోటు ఒకటి అదుపు తప్పి వచ్చి దాన్ని గుద్దింది. రెండింటిలోనివాళ్ళు కలిసి 15 మంది పోయినారు. అది వాటర్ స్కూటర్ కాదు, నిజమే. నడిపినవాళ్ళు బాడుగ పిల్లలు కూడా కాదు, నిజమే. అయినా సంగతి ఒకటే. అదుపు తప్పిన వేగానికి బలి అయినవాళ్ళల్లో ఎక్కువమంది ఆ వేగాన్ని కోరినవాళ్ళు కాదు. వాళ్ళు గుహలు చూడబోయినవాళ్ళు.

ఒడిశాలో ఉన్నవాళ్ళకు పూరీ తీరం గురించి మేము చెప్పనక్కరలేదు. అక్కడ నోలియాలు అనేది ఎవరిని? మన తెలుగు మాట్లాడే వాడబలిజలనే. పెంటకోటలో ఎన్నో కుటుంబాలు. నెత్తిన కోసుగా ఉండే టోపీ పెట్టుకుని, యాత్రికుల చెయ్యి పట్టుకుని అలల్లో స్నానం చేయించి మళ్ళీ ఒడ్డుకు చేర్చేవాళ్ళు. బెంగాల్ నాగపూర్ రైల్వేవాళ్ళ హోటలుకు వచ్చిన దొరలను కూడా అలాగే కాపాడినారు. మా శాఖవాళ్ళ హోటలు కాబట్టి ఇది గర్వంగా చెబుతున్నాము. ఏ అల ఎప్పుడు విరుగుతుందో చదవడం వాళ్ళ చదువు. 2025 మే నెలలో అదే పూరీలో పర్యాటకులను తిప్పే స్పీడ్ బోటు ఒకటి అలకు తిరగబడింది. ఒడ్డున ఉన్న లైఫ్ గార్డులు దూకి అందరినీ కాపాడినారు. నీళ్ళల్లో పనిచేసే మనిషి ఆటకు వచ్చినవాణ్ణి కాపాడుతున్నాడు. ఆటకు వచ్చినవాడు నీళ్ళల్లో పనిచేసే మనిషిని కాపాడవలసిన పని లేదా? ఉప్పుటేటిలో రొయ్యలు పట్టే ఆమెకు ఆ నీళ్ళు ఆట కాదు. ఆఫీసు. మనం పోయి ఆమె ఆఫీసులో బండి తోలినాము.

మన దేశంలో నియమాలు లేవా అంటే, ఉన్నాయి. సముద్రంలో పడవలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా 1972లో చేసిన అంతర్జాతీయ నియమాలను మన దేశమూ ఒప్పుకుంది. వాటిలో ఐదోది, కన్నూ చెవీ తెరిచి చుట్టూ గమనిస్తూ ఉండాలని. ఆరోది, ఆపగలిగినంత వేగంతోనే పోవాలని. లోపలి నీళ్ళకు 1917 నాటి పాత చట్టాన్ని తీసేసి 2021లో కొత్త చట్టం తెచ్చినారు. గోవాలో కేంద్ర ప్రభుత్వపు జలక్రీడల సంస్థ ఉంది, పడవలు నడిపేవాళ్ళకూ లైఫ్ గార్డులకూ శిక్షణ ఇస్తుంది. పుస్తకం ఉంది. స్లిప్పులు అంటించి ఉన్నాయి. టికెట్టు కౌంటరు దగ్గర "వదిలితే ఆగుతుంది" అని చెప్పే పిల్లవాడి దాకా మాత్రం ఆ పుస్తకం రాలేదు. వాడిమీద మాకు కోపం లేదు. వాడికి ఎవరు చెప్పినారో వాళ్ళకూ తెలియదు.

మేము మాసి నెలలో మళ్ళీ ఆ చోటికి పోయినాము, మనవణ్ణి వెంటబెట్టుకుని. ఆమె కనబడింది. బుట్టకు డబ్బు ఇవ్వబోయినాము. "బుట్ట అల్లుకోవడానికి ఒక పూట చాలయ్యా, ఆ రోజు రొయ్యల డబ్బు ఇవ్వండి చాలు" అని అంతే తీసుకుంది. ఒకటే అడిగింది: "ఆ బండ్లను అటుపక్కనే తిప్పుకోమని చెప్పండి. మీరు చెబితే వింటారు. మేము చెబితే వినరు."

మేము చెప్పినాము. ఉత్తరం కూడా రాసినాము. ఇంకా జవాబు లేదు. ఒక్కడి ఉత్తరం బుట్టలో పడుతుంది, సంఘం ఉత్తరం బల్లమీద పడుతుంది అని ఉద్యోగంలో నేర్చుకున్నాము. అందుకే ఇది ఇక్కడ రాస్తున్నాము.

కమిటీలో కుర్రవాళ్ళు కొందరు "పెద్దవాళ్ళు దేనికైనా వద్దే అంటారు" అన్నారు. మేము వద్దు అనడం లేదు. రైలు గుద్దిందని రైలును ఎవరూ ఆపలేదు, బ్రేకు పెట్టినారు. వచ్చే సమావేశంలో ఈ ఐదు మాటలు చర్చకు పెట్టమని కోరుతున్నాము.

ఒకటి. సంఘం విహారాల్లో పెద్ద పిల్లలైనా సరే ఒంటరిగా వాటర్ స్కూటర్ నడపకూడదు. శిక్షణ ఉన్న మనిషి ముందు కూర్చుని నడిపితే వెనక కూర్చోవచ్చు.

రెండు. ఎక్కే ముందు అక్కడివాళ్ళను మూడు ప్రశ్నలు అడగాలి. బండికి బ్రేకు ఉందా? మనిషి పడితే ఇంజను ఆగే తాడు ఉందా, దాన్ని నడిపేవాడి చేతికో జాకెట్‌కో కడతారా? ఇంకా ఎవరు ఎవరు ఈ నీళ్ళల్లో ఉన్నారు? మూడోదానికి జవాబు రాకపోతే ఎక్కవద్దు.

మూడు. "వదిలితే తిరగదు" అనే మాట ప్రతి పిల్లకూ ఒడ్డునే నేర్పాలి. అడ్డం ఎవరైనా కనబడితే వేలు కొంచెం నొక్కి ఉంచి తిప్పాలి. ఇంకా మంచిది, తల కనబడే చోటికి అసలు పోకూడదు.

నాలుగు. వెనక కూర్చునేవాళ్ళు గట్టిగా పట్టుకోవాలి. వెనక్కి పడితే ఆ నీటి ధార ఒంట్లోకి దూరి లోపలి అవయవాలను చీల్చగలదని తయారీదారులే బండిమీద హెచ్చరిక రాసి పెడతారు. అందుకే ఈతకు వేసుకునే పలుచటి బట్ట చాలదు, మందమయిన బట్ట వేసుకోమంటారు. ఆ హెచ్చరిక ఇంగ్లీషులో ఉంటుంది. మన ఇళ్ళల్లో చదివి చెప్పవలసింది మనమే.

ఐదు. రొయ్యలు పట్టే చోటికీ బండ్లు తిరిగే చోటికీ మధ్య రంగు బుడ్లు కట్టి హద్దు పెట్టమని ఆ పడవల రేవువాళ్ళకు మన సంఘం తరఫున ఉత్తరం. ఉత్తరం తమిళంలో మేమే రాసి పెట్టినాము. ఆ భాషలో మాకు తప్పులు రావు. సంతకాలు కావాలి. నూరు సంతకాలయినా ఉంటే బాగుంటుంది.

మా మనవడు మొదటి సంతకం పెట్టినాడు. సంతకం కింద ఊరూ వయసూ రాయాలి కదా, రాసినాడు. "ఫిర్యాదు ఎవరిమీద తాతా, నామీదనా?" అని అడిగినాడు. కాదురా, రాని బ్రేకు మీద అన్నాము.

ఉత్తరం ఆదివారం సాయంత్రం సంఘం ఆఫీసులో ఉంటుంది. దయచేసి వచ్చి సంతకం పెట్టండి.